పురుగులకు కుటుంబములను కూర్చిన లాత్రేయ్

వంగతోటలో ఆకుపై గుండ్రని చిన్న పెంకుపురుగు కనబడినచో దానిని అక్షింతల పురుగు అందురు. వీపుపై చుక్కలు గల ఈ పురుగులలో కొన్ని జాతులు పేనుబంకను తిని పైరును కాపాడును. 28 చుక్కలు గల మఱియొక జాతి ఆకును గీకి తిని తోటను పాడుచేయును. రెంటికిని రూపము దగ్గరిది, కుటుంబము ఒక్కటియే, నడత మాత్రము వేఱు. ఏది ఏదియో గుర్తింపలేని రైతు మిత్రుని చంపి శత్రువును పోషించు ప్రమాదము కలదు. కనుక పురుగును సరిగా గుర్తించుట, దానికి తగిన పేరు పెట్టి తగిన చోట నిలుపుట అనునది పండితుల కాలక్షేపము కాదు. అది అన్నము పెట్టు విద్య.

అక్షింతల పురుగులన్నియు ఒక్క కుటుంబమునకు చెందినవని 1807లో నిర్ణయించినవాడు ఫ్రాన్సు దేశీయుడగు పియేర్ ఆంద్రే లాత్రేయ్. చీమలు, పేడపురుగులు మొదలగు అనేక కీటక కుటుంబముల పేర్ల ప్రక్కన నేటికిని ఆయన పేరే కనబడుచున్నది. లోకమున ఇంతవరకు సుమారు పది లక్షల కీటక జాతులు పేరు పొందినవి. ఇన్ని పేర్లు కలగాపులగము గాక, వెదకినవానికి దొరకు వరుసలో నిలిచియున్నవన్న, అందులకు దారి చూపిన వారిలో ఆయన అగ్రగణ్యుడు. అట్టివానికి పుట్టుకతో తన కుటుంబమే లేకుండుటయు, ఒక పురుగు పేరు తెలిసియుండుటచేతనే ఆయన ప్రాణము నిలుచుటయు చరిత్రలోని విచిత్రములు.

లాత్రేయ్ 1762 నవంబరు 29వ తేదీన ఫ్రాన్సు దక్షిణ మధ్య భాగమునందలి బ్రీవ్ అను పట్టణమున జన్మించెను. తండ్రి దెస్పన్యాక్ వంశపు ప్రభువు, సేనానాయకుడు. అయినను ఆయన ఈ బిడ్డను తన కుమారుడని ఏనాడును అంగీకరింపలేదు. వివాహబంధము వెలుపల పుట్టిన ఆ శిశువు పుట్టిననాటినుండియే అనాథ వలె పెరిగెను. లాత్రేయ్ అనునది వంశనామము కాదు, ఎట్లో వచ్చిన పిలుపు పేరు. అది ఆయనకు చట్టరీత్యా స్థిరపడినది 1813లో. అప్పటికి ఆయనకు ఏబది సంవత్సరములు నిండినవి. ఐరోపా అంతటను కీర్తి వ్యాపించియుండెను.

తల్లిదండ్రుల నీడ లేకున్నను ఊరివారి దయ ఆయనను కాపాడెను. మొదట ఒక వైద్యుడును, పిదప ఒక వర్తకుడును ఆ బాలుని ఆదరించిరి. 1778లో, పదునాఱవ ఏట, పెద్దల సహాయముతో పారిస్ నగరము చేరి కార్డినల్ లెమ్వాన్ కళాశాలలో విద్యార్థి అయ్యెను. స్ఫటికముల శాస్త్రమునకు పునాదివేసిన రెనే ఝుస్త్ ఆవీ ఆ కళాశాలలో ఉపాధ్యాయుడుగా ఉండెను. ప్రకృతిని ఓపికతో పరిశీలించుట ఎట్లో ఆయన సాన్నిధ్యమున లాత్రేయ్ తెలిసికొనెను. మతవిద్య ముగించి 1786లో క్రైస్తవ పురోహితుడయ్యెను. అనంతరము బ్రీవ్ చేరి, ఆ చుట్టుపట్ల పొలములలోను తోటలలోను పురుగులను పట్టి పరిశీలించుచు రెండేండ్లు గడపెను.

1788లో ఆయన తిరిగి పారిస్ చేరెను. అచ్చట ఒలివియే, బోస్క్ అను కీటకశాస్త్రజ్ఞుల స్నేహము లభించెను. డెన్మార్కు దేశపు ఫాబ్రీసియస్ పండితుడును ఆయనకు ఆప్తుడయ్యెను. లాత్రేయ్ మొట్టమొదటి రచనలలో ఒకటి మ్యూటిల్లా అను కందిరీగలను గూర్చినది. ఈ జాతులలో ఆడవానికి రెక్కలుండవు. ఒడలెల్ల నూగుతో పెద్ద చీమ వలె కనబడును. చీమగా తోచుదానిని కందిరీగగా గుర్తించుటకు ఎంత సూక్ష్మదృష్టి కావలయునో చెప్పనక్కరలేదు. ఆ దృష్టియే తరువాత ఆయనకు రక్ష అయినది.

1789లో ఫ్రెంచి విప్లవము చెలరేగెను. 1790లో క్రొత్త ప్రభుత్వము మతాధికారులందఱును రాజ్యమునకు విధేయులమని ప్రమాణము చేయవలెనని శాసించెను. లాత్రేయ్ ప్రమాణము చేయలేదు. దాని ఫలితముగా 1793 నవంబరులో ఆయనను బంధించిరి. పిదప బోర్దో నగరమునందలి చెరసాలలో ఇతర పురోహితులతో పాటు ఉంచిరి. అవి వేలమంది తలలు తెగిపడుచున్న దినములు. ప్రమాణము చేయని పురోహితునకు మరణమో, ద్వీపాంతరవాసమో తప్పనట్టి కాలము. పుస్తకములు లేవు, పరికరములు లేవు, బయటి లోకముతో సంబంధము లేదు.

ఒకనాడు చెరసాల వైద్యుడు ఖైదీలను పరీక్షించుటకు వచ్చెను. ఖైదీలలో ఒకడు చీకటిగది నేలపై ప్రాకుచున్న చిన్న పెంకుపురుగును నిదానముగా పరిశీలించుచుండెను. ఆ స్థితిలో నున్న మనుజునకు పురుగుతో పని యేమియని వైద్యునకు ఆశ్చర్యము కలిగెను. అది అరుదైన జాతి అని లాత్రేయ్ తెలియజెప్పెను. అంగుళములో అయిదవ వంతు పొడవు గల ఆ పురుగునకు మెడభాగమును రెక్కపెంకుల మొదలును ఎఱ్ఱన, తక్కిన పెంకులు మెఱయు నీలము. దానిని 1775లోనే ఫాబ్రీసియస్ వర్ణించి పేరు పెట్టియుండెను. చేత గ్రంథము లేకున్నను ఆ వర్ణన లాత్రేయ్ మనసున నిలిచియుండెను.

వైద్యుడు ఆ పురుగును బోర్దోలో ప్రకృతిశాస్త్రాభిలాషి అయిన బోరీ ద సేన్ వేన్సాన్ అను బాలునకు పంపెను. బోరీకి అప్పటికి పదునైదేండ్లు మాత్రమే. అయినను లాత్రేయ్ రచనలను అతడు ఎఱిగియుండెను. అట్టి పండితుడు చెరలో మగ్గుచున్నాడని తెలిసి, అతడు ఆయనను, ఆయన సహఖైదీలలో ఒకనిని విడిపించగలిగెను. చెరలో మిగిలిన వారందఱును నెల తిరుగకముందే మృత్యువు పాలైరి. ఒక పురుగు పేరును ఎఱిగియుండుట, ఆ పేరును ఎఱిగిన మఱియొకడు బయట నుండుట - ఈ రెండును కలిసి లాత్రేయ్ ప్రాణమును నిలిపెను.

ఆ పురుగును నేడు నెక్రోబియా రూఫికోలిస్ అందురు. మొదటి పదమునకు గ్రీకు భాషలో మరణమునందు జీవము అని చెప్పదగిన అర్థము వచ్చును. రెండవ పదము లాటిన్. ఎఱ్ఱని మెడ గలది అని దాని భావము. మృతకళేబరములపై, ఎండిన మాంసముపై బ్రతుకు పురుగు గనుక ఆ పేరు కలిగెను. దీని దాయాది అయిన ఎఱ్ఱకాళ్ల పురుగు ఎండుకొబ్బరిని, ఎండుచేపలను పాడుచేయునదిగా మన దేశపు వర్తకులకు సుపరిచితము. వర్తకునకు నష్టము తెచ్చు వంశమున పుట్టిన ఒక పురుగు ఒక మహాశాస్త్రజ్ఞుని లోకమునకు దక్కించెను.

విడుదల పిమ్మట లాత్రేయ్ ఉపాధ్యాయవృత్తితో పొట్టపోసికొనుచు, ఫాబ్రీసియస్ మొదలగువారితో ఉత్తరప్రత్యుత్తరములు జరుపుచు, తన జీవితములోని ప్రధానకార్యమును ప్రారంభించెను. ఫాబ్రీసియస్ ప్రోత్సాహముతో 1796లో కీటకముల ప్రజాతి లక్షణములను సహజక్రమమున కూర్చిన సంగ్రహగ్రంథమును బ్రీవ్ పట్టణమున తన సొంత వ్యయముతో ముద్రింపించెను. గ్రంథము చిన్నది, దాని ఫలితము పెద్దది. అది తెలియవలెనన్న అంతకు పూర్వపు స్థితిని గమనింపవలెను.

స్వీడన్ దేశపు లినేయస్ 1758లో జంతువులకు రెండు మాటల పేర్లు పెట్టు పద్ధతిని స్థిరపఱచెను. మొదటి మాట ప్రజాతి, రెండవది జాతి. కీటకములను ఆయన రెక్కలనుబట్టి ఏడు క్రమములుగా విభజించెను. పెంకురెక్కలవి, పొలుసురెక్కలవి, రెండే రెక్కలవి, ఇట్లు. పద్ధతి సులభమే గాని, రెక్కలు లేవను ఒక్క కారణముచేత సాలెపురుగు, తేలు, జెఱ్ఱి, పీత, పేను ఒక్క గుంపున పడినవి. ఫాబ్రీసియస్ ఆయన శిష్యుడు. ఏ ప్రాణికైనను ఆహారము ముఖ్యము గనుక నోటి నిర్మాణమే ప్రధానమని ఆయన భావించి, 1775లో నోటి భాగములనుబట్టి కీటకములను విభజించెను. అది గొప్ప ముందడుగు. అయితే చిన్న పురుగుల నోరు చూచుట కష్టము. అదియును గాక, ఒక్క అవయవమునే నమ్మిన విభాగమున బంధువులు విడిపోవుటయు, పరాయివారు కలియుటయు తప్పదు.

మనుజులలో ముక్కు పోలికనుబట్టి మాత్రమే బంధుత్వము నిర్ణయించినచో ఎంత అసంబద్ధముగా నుండునో, ఇదియు అంతే. లాత్రేయ్ రెక్కలను చూచెను, నోటిని చూచెను, మీసములను, కాళ్ల కణుపులను, తోకను, దేహపు కూర్పును చూచెను. అన్నిటిలోను ఎక్కువ పోలికలు గల ప్రజాతులను దగ్గర చేర్చి, ప్రజాతికిని క్రమమునకును నడుమ కుటుంబము అను మెట్టును ఏర్పరచెను. మొక్కల విషయమున ఝుస్యూ పండితుడు 1789లో ఇట్టి సహజకుటుంబములను చూపియుండెను. కీటకములకు ఆ పనిని సమగ్రముగా చేసినవాడు లాత్రేయ్. 1796 నాటి గ్రంథములో ఆయన ఈ కుటుంబములకు పేర్లు పెట్టలేదు. అంకెలు మాత్రము వేసి లక్షణములు వ్రాసెను. పేర్లు 1802 నుండి వచ్చినవి. లక్షణము ముందు, నామము తరువాత అనునది ఆయన క్రమము.

ఆయన పనితీరునకు రాతియీగలు చక్కని ఉదాహరణము. చల్లని కొండవాగులలో రాళ్ల క్రింద వీని పిల్లపురుగులు పెరుగును. పెద్దవైన పిదప నీటినుండి రాతిపైకి ప్రాకి చర్మము విడిచి రెక్కలతో ఎగురును. నాలుగు రెక్కలను వీపుపై చదునుగా మడచికొనును. తోకచివర రెండు పోగులు ఉండును. నీటియొద్ద తిరుగు మఱికొన్ని ఈగలవంటి పురుగులతో కలిపి లినేయస్ వీనిని ఒక్క ప్రజాతిలోనే చేర్చెను. 1762లో జోఫ్రువా అను ఫ్రెంచి వైద్యుడు వీనిని వేరుచేసి పెర్లా అను పేరుంచెను. లాత్రేయ్ అంతటితో తృప్తిపడలేదు. కొన్నిటికి తోకపోగులు పొడవుగా నుండుటయు, కొన్నిటికి మిక్కిలి కురచగా నుండుటయు గమనించి, కురచతోకలవానికి 1796లో నెమూరా అను క్రొత్త ప్రజాతిని కల్పించెను. 1802లో రాతియీగలకు కుటుంబము నేర్పరచెను. వేఱైనవానిని వేఱుచేయుట, బంధువులైనవానిని ఒక్క యింట చేర్చుట, ఈ రెండు పనులును ఇందు కనబడుచున్నవి.

ఆ కుటుంబము నేడు ఒక పూర్తి క్రమమైనది. 1839లో జర్మను పండితుడు బుర్మైస్టర్ దానికి ప్లెకాప్టెరా అను పేరుంచెను. ఇప్పటికి అందులో 3,500కు పైగా జాతులు, పదునైదుకు పైగా కుటుంబములు గుర్తింపబడినవి. వీనిలో పెక్కింటికి స్వచ్ఛమైన, ప్రాణవాయువు సమృద్ధిగా గల నీరు కావలెను. నీరు చెడినచోట నుండి ఇవి ముందుగా మాయమగును. అందుచేత వాగునీటి మంచిచెడ్డలు తెలిసికొనుటకు అనేక దేశములలో వీనిని పరీక్షించుచున్నారు. జాతిని గుర్తింపగల కన్ను లేనిచో ఈ పరీక్షయే లేదు.

లాత్రేయ్ కష్టములు 1796తో తీరలేదు. 1797లో ఆయనను మరల గృహనిర్బంధమున ఉంచి పుస్తకములను స్వాధీనము చేసికొనిరి. పారిస్ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఆచార్యులైన కువియే, లాసెపేద్, లామార్క్ తమ పలుకుబడిచేత ఆయనను విడిపించిరి. 1798లో ఆ ప్రదర్శనశాలలోనే ఆయనకు ఉద్యోగము లభించెను. ఆచార్యపదవి గాదు, కీటకముల పెట్టెలను సర్దుట, పేర్లు వ్రాయుట ఆయన పని. ఆ పెట్టెలయొద్దనే ఆయన ముప్పదియేండ్లకు పైగా శ్రమించెను.

ఆ శ్రమనుండి వెలువడిన గ్రంథములు అనేకము. 1802లో చీమల చరిత్ర వెలువడెను. 1802-1805 నడుమ పీతల జాతులను, కీటకములను గూర్చి 14 సంపుటములు పూర్తి అయ్యెను. జెఱ్ఱి, రోకలిబండ మొదలగు బహుపాదులకు మిరియాపొడా అను పేరు ఆయన పెట్టినదే. 1806-1809 నడుమ ప్రజాతులను గూర్చి నాలుగు సంపుటములు వచ్చినవి. 1810లో మఱియొక గ్రంథమున ప్రతి ప్రజాతికిని ఒక జాతిని ప్రమాణముగా చూపు పట్టికను ఇచ్చెను. ఈ పని పైకి చిన్నదిగా తోచును. ఒక ప్రజాతిని తరువాతివారు రెండుగా చీల్చినచో పాత పేరు ఏ భాగమునకు చెందవలెనన్న తగవు వచ్చును. ప్రమాణజాతి ఎచ్చట నుండునో పేరు అచ్చటనే నిలుచునని నియమమున్నచో తగవు తీరును. అంతర్జాతీయ నామకరణ సంఘము కూడ ఆ పట్టికను ప్రమాణముగా స్వీకరించినది.

1814లో ఫ్రెంచి శాస్త్రపరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. తన మిత్రుడు ఒలివియే మరణముచేత ఖాళీపడిన స్థానము అది. 1817లో కువియే ప్రకటించిన జంతులోక గ్రంథమునందు కీటకముల సంపుటమును లాత్రేయ్ వ్రాసెను. 1821లో ప్రభుత్వము గౌరవబిరుదము నిచ్చెను. తన పద్ధతికి ప్రతిగా మఱియొక పద్ధతి బయలుదేరినను ఫాబ్రీసియస్ అసూయపడక, ఆ కాలపు కీటకశాస్త్రజ్ఞులలో లాత్రేయ్‌ను రాజుగా కీర్తించెను.

కీర్తి వచ్చినను పదవి రాలేదు. వార్ధక్యమున లామార్క్ చూపు కోల్పోయెను. ఆయనకు బదులుగా లాత్రేయ్ పాఠములు చెప్పెను. 1829లో లామార్క్ మరణించిన పిదప ఆ పీఠమును రెండుగా విభజించి, కీటకములు, సాలెపురుగులు, పీతలకు సంబంధించిన దానిని 1830లో లాత్రేయ్‌కు ఇచ్చిరి. అప్పటికి ఆయన వయస్సు 67. నమలుటకు పండ్లు లేనప్పుడు అన్నము దొరకినట్లయినదని ఆయన ఆంతర్యము. రెండేండ్లు మాత్రమే ఆ పీఠము నధిష్ఠించెను. 1832లో ఫ్రాన్సు కీటకశాస్త్ర సంఘము స్థాపితమై ఆయనను గౌరవాధ్యక్షునిగా ఎన్నుకొనెను. ఆ సంవత్సరమే పారిస్‌లో కలరా వ్యాపించెను. ఆరోగ్యము క్షీణించిన లాత్రేయ్ ఏప్రిల్‌లో పదవి విడిచి పల్లెకు పోయెను. నవంబరులో తిరిగివచ్చి, 1833 ఫిబ్రవరి 6వ తేదీన పరమపదించెను.

ఆయనకు సంతానము లేదు. శిష్యులును మిత్రులును చందాలు వేసి పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానమున ఆయన సమాధిపై తొమ్మిదడుగుల శిలాస్తంభమును నిలిపిరి. దానిపై బోర్దో చెరసాలలో దొరకిన ఆ చిన్న పురుగు పేరును, అది లాత్రేయ్‌ను రక్షించినదను మాటను లాటిన్‌లో చెక్కించిరి.

లాత్రేయ్ చెప్పినదంతయు నేడు నిలువలేదు. జీవులు ఒకదానినుండి ఒకటి పరిణమించినవను సిద్ధాంతము 1859లో డార్విన్ గ్రంథముతో బలపడెను. అందుచేత పోలికలకు వెనుక నిజమైన రక్తసంబంధ మున్నదని తేలినది. నేటివారు జన్యుపదార్థమును పరీక్షించి బంధుత్వములు నిర్ణయించుచున్నారు. ఆయన కూర్చిన కుటుంబములు కొన్ని చీలినవి, కొన్ని స్థానము మారినవి. అయినను ఒక్క లక్షణమును నమ్మరాదు, పలులక్షణములను కలిపి తూచవలెననిన ఆయన సూత్రము చెక్కుచెదరలేదు. కుటుంబమను మెట్టు లేకుండ నేడు ఏ కీటకశాస్త్ర గ్రంథమును లేదు.

గ్రంథాలయమున పుస్తకములు ఎన్ని యున్నను, వరుస లేనిచో అవి కాగితపు గుట్టయే. చదువరికి కావలసినది దొరకునట్లు ఉంచినప్పుడే అవి గ్రంథాలయ మగును. లాత్రేయ్ ప్రకృతియను మహాగ్రంథాలయమున ఒక మూలనున్న పురుగుల బీరువాను అట్లు సర్దిపెట్టెను. ఆ బీరువాలో ఇంకను పేరు లేనివి లక్షలకొలది ఉన్నవని శాస్త్రజ్ఞుల అంచనా. వానిలో కొన్ని మన పొలముల గట్లపైనను, మన చెరువుల రాళ్ల క్రిందను ఉండవచ్చును. లాత్రేయ్ బ్రీవ్ పొలములలో మొదలుపెట్టిన విధముగనే, ఓపికయు, ఒక భూతద్దమును, పురుగులను గూర్చిన ఒక్క మంచి పుస్తకమును గల ఏ పల్లెటూరి విద్యార్థియైనను ఆ పనిని ప్రారంభింపవచ్చును.